మాట పుట్టిన చోటు: పురాణాల నుంచి వాడుకలోకి వచ్చిన మాటలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పురాణాల నుంచీ, గుడి నుంచీ, గ్రామదేవతల కొలువుల నుంచీ మన వాడుకలోకి వచ్చిన మాటల గురించే అడిగాయి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఏ పనికైనా అడ్డుపడేవారిని మా బడిలో "సైంధవుడు" అంటాము. పచారీ కొట్టులో కొన్న పొట్లం మీద "సైంధవ లవణం" అని చదివిన ఒక విద్యార్థి, ఆ సైంధవుడికీ ఈ ఉప్పుకూ ఏమిటి సంబంధమని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. (ఒక ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: సంబంధం ఉందమ్మా, అయితే అది కథలోది కాదు, దేశానిది. సింధు దేశానికి చెందినది ఏదైనా సైంధవమే. జయద్రథుడు ఆ దేశపు రాజు కనుక సైంధవుడయ్యాడు. ఆ నదీ ప్రాంతపు కొండలలో తవ్వి తీసే ఉప్పు సైంధవ లవణమైంది. అక్కడి మేలుజాతి గుర్రానికీ అదే పేరు. మాటకు అర్థం సందర్భాన్ని బట్టి తేలుతుందని చెప్పడానికి సంస్కృత పండితులు పూర్వం నుంచీ చూపే ఉదాహరణ ఈ పదమే: భోజనానికి కూర్చున్నవాడు "సైంధవం తే" అంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి నిలబడ్డవాడు అంటే గుర్రం తేవాలి. ఈ రోజుల్లో పింక్ సాల్ట్ పేరుతో బజారులో దొరికే ఉప్పు కూడా పాకిస్తాన్ పంజాబులోని ఖేవ్రా గనుల వంటి చోట్ల తవ్వి తీసినదే. మీ విద్యార్థి చేతిలోని పొట్లం మీద ఉన్న పేరు మాత్రం ఆ గనుల ప్రాంతాన్ని వేల ఏళ్లుగా గుర్తు పెట్టుకున్న పేరు.

ఇక "అడ్డుపడేవాడు" అన్న అర్థం సంస్కృత నిఘంటువులలో కనిపించదు. అది తెలుగువారు ఇచ్చుకున్న అర్థం. జయద్రథుడు దుస్సలకు భర్త, అంటే కౌరవులకు బావ. అరణ్యవాసంలో ద్రౌపదిని ఎత్తుకుపోబోయి, పాండవుల చేతికి చిక్కి, భీముడి చేత తల గొరిగించుకుని అవమానం పాలయ్యాడు. తరువాత శివుని గూర్చి తపస్సు చేసి, అర్జునుడు తప్ప మిగిలిన నలుగురు పాండవులనూ ఒక్క రోజు నిలువరించగల వరం పొందాడు. ఆంధ్ర మహాభారతంలో ఈ వరం కథ ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషంలో ఉంటుంది, దాని ఫలితం తిక్కన ద్రోణపర్వంలో కనిపిస్తుంది. యుద్ధం పదమూడవ నాడు అభిమన్యుడు పద్మవ్యూహాన్ని ఛేదించుకుని లోపలికి పోగా, వెనుకనే పోవలసిన నలుగురినీ సైంధవుడు ద్వారం దగ్గరే ఆపేశాడు. లోపల ఆ పిల్లవాడు ఒంటరివాడై మరణించాడు. ద్రౌపదిని ఎత్తుకుపోవడం అంతకంటే చిన్న నేరమేమీ కాదు, అయినా మన జనం అతనిని ఆ ద్వారం దగ్గరి ఘడియతోనే గుర్తు పెట్టుకున్నారు. హరికథలలోనూ, పద్య నాటకాలలోనూ అభిమన్యుడి కోసం కన్నీళ్లు పెట్టుకున్న ఊళ్లు ఆ అడ్డును క్షమించలేకపోయాయని నేను అనుకుంటాను.

మీ పిల్లలకు మరొక్క సంగతి చెప్పండి. సైంధవుడు మామూలు రోజున భీముడి ముందు నిలవగలవాడు కాదు, ఆ శక్తి అతనికి ఒక్క రోజుకు అరువు వచ్చినది. కాబట్టి స్వతహాగా బలవంతుడైన శత్రువుకు ఈ పేరు నప్పదు. తాను చేయలేని పనిని, కూర్చున్న చోటు బలంతో ఇతరులను చేయనివ్వనివాడికే ఈ మాట సరిగ్గా అతుకుతుంది. వెంట ఉంటూనే మాటలతో నీరుగార్చేవాడి పనికి "శల్య సారథ్యం" అనే వేరే పేరు ఉంది. ఈ రెండింటినీ కలిపి వాడడం పత్రికలలో తరచుగా కనిపిస్తోంది, అది పొరపాటు.

ప్రశ్న: "నిధులు స్వాహా", "రైతులకు శఠగోపం", "బయటపడిన భాగోతం" వంటి శీర్షికలు రోజూ చూస్తున్నాను. గుడిలోనూ యజ్ఞశాలలోనూ పలికే పవిత్రమైన మాటలను మోసానికీ దొంగతనానికీ వాడడం నా మనసును కష్టపెడుతోంది. దీనిని ఆపే దారి లేదా? (విశ్రాంత ఉద్యోగి, మంగళగిరి)

జవాబు: అయ్యా, మీ బాధ నాకు అర్థమైంది. ఈ మాటలు గుడిని తక్కువ చేయాలని పుట్టినవి కావనీ, గుడికి రోజూ వెళ్లే మనుషుల నోటనే పుట్టినవనీ ముందుగా మనవి చేస్తాను.

"స్వాహా" అన్నది హోమంలో ఆహుతి వేసేటప్పుడు పలికే మాట. పురాణాలు స్వాహాదేవిని అగ్నిదేవుని భార్యగా చెబుతాయి. అగ్నిలో వేసిన నెయ్యి మళ్లీ చేతికి రాదు అన్నది హోమం చూసిన ప్రతివారికీ తెలిసినదే. పోయిన సొమ్ము తిరిగి రాదని చెప్పడానికి అంతకంటే పొట్టి మాట జనానికి దొరకలేదు. "కైంకర్యం" కథ ఇంకా విచిత్రమైనది. "కిం కరోమి", అంటే "ఏమి చేయమంటారు" అని చేతులు కట్టుకుని నిలబడేవాడు కింకరుడు, అతడు చేసే సేవ కైంకర్యం. వైష్ణవాలయాలలో నేటికీ దానిది ఎంతో గౌరవమైన అర్థం. బయట మాత్రం దేవుడి పేరు చెప్పి మింగేసినదంతా కైంకర్యమైంది. ఈ మార్పులో జనం నిందించినది దేవుడిని కాదు, మింగినవాడిని.

"శఠగోపం" గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మీ ఊరి నరసింహస్వామి గుడిలో అర్చకులు మన తల మీద ఉంచే ఆ లోహపు కిరీటం వంటి దానిపై స్వామి పాదాలు ఉంటాయి. దీనికి ఆ పేరు తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు వల్ల వచ్చింది. పుట్టగానే శిశువును ఆవరించి పూర్వజ్ఞానాన్ని మరపించే శఠమనే వాయువును ఆయన కోపగించి తరిమివేశారు కనుక శఠకోపులయ్యారని సంప్రదాయం చెబుతుంది. స్వామి పాదాలకు ఆళ్వారు ప్రతినిధి కనుక ఆ పాదాలకు ఆయన పేరే నిలిచింది. తెలుగు నోట "కోపం" కాస్తా "గోపం" అయింది. అయితే సంస్కృతంలో "శఠుడు" అంటేనే వంచకుడు, మన అలంకార శాస్త్రంలో మోసగాడైన నాయకుడికి ఆ పేరు ఉంది, "శాఠ్యం" అంటే కపటం. పైగా శఠగోపం తల మీద ఒక్క క్షణం ఉండి వెంటనే లేచిపోతుంది, తల వంచినవాడి చేతికి ఏమీ మిగలదు. భక్తుడికి అది చాలు, కానీ బేరంలో తల వంచినవాడికి చాలదు. ఈ రెండు కారణాలూ కలిసి ఆ వాడుక పుట్టిందని నా అభిప్రాయం.

"భాగోతం" మాత్రం నాకు బాధ కలిగించే మార్పే. భాగవతం నుంచి భాగోతం వచ్చింది. కృష్ణా తీరంలోని కూచిపూడి భాగవతులు తరతరాలుగా ఊరూరా తిరిగి, కాగడాల వెలుగులో, ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర వెనుక నుంచి సత్యభామను ప్రవేశపెట్టిన కళ అది. చదువు రాని వేలమందికి భాగవత కథలు తెలిసినవి పుస్తకం వల్ల కాదు, ఆ ఆట వల్ల. తెర తొలగితే వేషం బయటపడుతుంది కనుక, దాచిన బండారం బయటపడడానికి "భాగోతం బయటపడింది" అన్నారు. ఆట చూసిన తరం ఉన్నంతకాలం ఆ మాటలో రెండు అర్థాలూ బతికి ఉండేవి. ఆట తగ్గిపోయాక చెడ్డ అర్థం ఒక్కటే మిగిలింది. దీనికి శీర్షికలు రాసేవారిని ఆపడం కంటే, ఆటను మళ్లీ ఊళ్లలో ఆడించడమే మందు అని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: మాది కృష్ణలంక. రావణుడి లంకకూ మా పేటకూ ఏమైనా సంబంధం ఉందా? అలాగే ఉపవాసాన్ని "లంకణం" అని ఎందుకంటారు? (డిగ్రీ విద్యార్థి, విజయవాడ)

జవాబు: మీ పేట పేరుకు రావణుడు అవసరం లేదు. నది పాయల నడుమనో, ఒడ్డునో ఒండ్రు పేరుకుని ఏర్పడిన నేలను తెలుగులో లంక అంటారు. కృష్ణకు అవతలి ఒడ్డున కొల్లిపర, కొల్లూరు వైపూ, గోదావరి మీద కోనసీమలోనూ ఎన్నో ఊళ్లు ఈ మాటతోనే ముగుస్తాయి. ఆ నేలలో పండే పసుపు, అరటి, పొగాకు ఎంత పేరు తెస్తాయో, వరద వస్తే అంత కష్టమూ తెస్తాయి. ఇక "లంకంత ఇల్లు" అన్నప్పుడు, "లంకలో పుట్టినవాళ్లంతా రాక్షసులే" అన్నప్పుడు మనం తలుచుకునేది రావణుడి పట్టణాన్నే.

"లంకణం" ఈ రెండింటికీ చెందదు. అది "లంఘనం", అంటే దాటడం. నూరు యోజనాల సముద్రాన్ని హనుమంతుడు దాటడమూ లంఘనమే, జ్వరం వచ్చినవాడు ఒక పూట భోజనం దాటవేయడమూ లంఘనమే. "లంఘనం పరమౌషధం" అని పెద్దలు అన్నది ఈ రెండవదానిని గురించి.

ప్రశ్న: "పుష్కరకాలం" అంటే కచ్చితంగా పన్నెండేళ్లేనా? (గృహిణి, భవానీపురం, విజయవాడ)

జవాబు: అవునమ్మా. సంస్కృతంలో పుష్కరానికి తామర, నీరు వంటి అర్థాలు ఉన్నాయి, కాలం అన్న అర్థం మన నదీ పండుగ నుంచి వచ్చింది. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరం వస్తుంది. ఆ గ్రహం రాశిచక్రం చుట్టి రావడానికి ఇంచుమించు పన్నెండేళ్లు పడుతుంది. మీరు 2016 ఆగస్టులో స్నానం చేసి ఉంటే, మళ్లీ 2028లో చేస్తారు.

ప్రశ్న: "లక్ష్మణరేఖ", "ఉడతా భక్తి" వాల్మీకి రామాయణంలో లేవని ఒకరు వాదించారు. అవి తప్పు మాటలా? (పాఠకుడు, తాడేపల్లి)

జవాబు: లేవన్నది నిజం. వాల్మీకంలో లక్ష్మణుడు సీత కఠినమైన మాటలు పడలేక, వనదేవతలు ఆమెను కాపాడాలని కోరి వెళతాడు, గీత గీయడు. తులసీదాసు కూడా అరణ్యకాండలో ఆ గీతను చెప్పకుండా, తరువాత మండోదరి నోట ఒక్క మాటగా అనిపిస్తాడు. మనకు మాత్రం ద్విపదలో ఉన్న రంగనాథ రామాయణం ఈ గీతనూ, వారధి దగ్గరి ఉడతనూ కూడా ఇచ్చింది. ద్విపద పాడుకునే ఛందస్సు కనుక ఈ కథలు ఇళ్లలోకి తేలికగా చేరాయి. వాల్మీకి చెప్పనంత మాత్రాన ఇవి తప్పు మాటలు కావు.

ప్రశ్న: మా మనవడికి ఒంటి మీద పొక్కులు వస్తే "అమ్మవారు పోసింది" అన్నాను. కోడలు అది మూఢనమ్మకమనీ, పిల్లవాడిని వైద్యునికి చూపించాలనీ పట్టుబట్టింది. ఆ మాట అనడమే తప్పా? (సత్తెనపల్లి నుంచి ఒక నాయనమ్మ)

జవాబు: మాట తప్పు కాదమ్మా, కానీ పిల్లవాడిని వైద్యునికి చూపించాలన్న మీ కోడలి పట్టుదల కూడా సరైనదే. మీరన్నది ఆటలమ్మ, అంటే చికెన్ పాక్స్. అది వైరస్ వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. పూర్వం మశూచి ఊళ్లకు ఊళ్లను ఊడ్చిన రోజులలో ఆ రోగం పేరు పలకడానికే భయపడి, దానిని అమ్మ రాకగా చెప్పుకున్నారు. పోలేరమ్మకూ గంగానమ్మకూ చల్ది నైవేద్యం పెట్టి, గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ మండలు చూసిన పొరుగువారు లోపలికి రాకుండా ఆగిపోయేవారు, దానితో రోగికి విశ్రాంతి, ఊరికి కొంత రక్షణ కలిగేవి. మశూచి ప్రపంచంలోనే లేదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రోగం పోయినా దానికి పెట్టుకున్న పేరు మిగిలింది. బిడ్డను పోగొట్టుకుంటానేమోనన్న భయంలో కూడా తల్లులు రోగాన్ని తిట్టకుండా అమ్మా అని పిలిచిన ఆ మాటను నేను మూఢత్వమని అనలేను.

ప్రశ్న: అమరావతిలో దొరికిన "నాగబు" తొలి తెలుగు మాట అంటారు. అదీ పురాణానికి చెందినదేనా? (పాఠకురాలు, తుళ్లూరు)

జవాబు: అమరావతి స్తూపానికి చెందిన రాతి మీద ఈ మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. "నాగ" సంస్కృత, ప్రాకృతాలలో ఉన్న మాటే, చివర చేరిన "బు" తెలుగుదని ఆయన భావన. తరువాతి "గుర్రంబు", "వృక్షంబు" వంటి మాటలలో మనం చూసే ప్రత్యయానికి ఇది పూర్వరూపమన్నమాట. అది పూర్తి పదం కాదనీ, ఒక పేరులోని ముక్క అనీ వాదించిన పండితులూ ఉన్నారు కనుక "తొలి తెలుగు మాట" అని రాసేటప్పుడు ఆ వాదాన్ని కూడా ప్రస్తావించడం మంచిది. నాగపూజ మాత్రం ఆ స్తూపం నాటికే ఇక్కడ ఉన్నదని అక్కడి శిల్పాలలోని పడగలే చెబుతున్నాయి. మీ ఊళ్లో కార్తీక మాసంలో నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసే ఆడవారు పిలిచేది ఆ నాగుడినే, ఆ పేరుతోనే.