మీ ప్రశ్నలు: భర్త పక్కనే ఉంటే ఎలా అడగాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా సైకియాట్రీ వార్డుల్లో, క్యాజువాలిటీల్లో పనిచేసే నర్సులవి. చాలామంది ఇబ్బంది ఒక్కటే: పేషెంటును ఏం అడగాలో తెలుసు, ఏ మాటల్లో అడగాలో తెలియదు. అందుకే వీలైనచోటల్లా అనాల్సిన వాక్యాన్నే రాసిచ్చాం.

ప్రశ్న: మా వార్డులో ఒక పేషెంటు "గోడ అవతల నుంచి నన్ను తిడుతున్నారు సిస్టర్, మీకూ వినిపిస్తోంది కదా" అంటాడు. అవునంటే అబద్ధం. లేదంటే విరుచుకుపడతాడు. ఏమనాలి?

జవాబు: "నాకైతే వినిపించడం లేదు. మీకు వినిపిస్తున్నాయనీ, వాటితో భయంగా ఉందనీ అర్థమవుతోంది" అనండి. అబద్ధమూ ఆడలేదు, వాదనకూ దిగలేదు. అక్కడ ఎవరూ లేరని నిరూపించబోతే అతను తన నమ్మకాన్ని కాపాడుకోవడానికి కొత్త ఆధారాలు వెతుక్కుంటాడు, అది మరింత గట్టిపడుతుంది.

మనం గమనించకుండా చేసే పొరపాటు ఇంకొకటుంది. "వాళ్ళు ఏమంటున్నారు?" అని అడిగేస్తాం. ఆ 'వాళ్ళు'తో గోడ అవతల మనుషులున్నారని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. "ఆ గొంతు ఏమంటోంది?" అనండి.

కుతూహలం కొద్దీ వివరాలు తవ్వొద్దు గానీ ఒక్కటి మాత్రం అడిగి తీరాలి: "ఆ గొంతు మిమ్మల్ని ఏదైనా చెయ్యమంటోందా?" అవునంటే వెంటనే మరో మూడు. ఏం చెయ్యమంటోంది, ఎవరిని? ఇంతకుముందు ఎప్పుడైనా అది చెప్పినట్టు చేశారా? ఇప్పుడు చెయ్యకుండా ఆగగలరా? తనకో ఇంకొకరికో హాని చెయ్యమంటోందని తెలిస్తే డ్యూటీ డాక్టరుకు అప్పుడే చెప్పాలి. రౌండ్స్ దాకా ఆగొద్దు, అతన్ని ఒంటరిగా వదలొద్దు.

మాట ఎంతో, నిలబడే తీరూ అంతే. ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు తిరిగి, రెండు చేతుల దూరంలో ఉండండి. అతనికీ తలుపుకీ మధ్య నిలబడొద్దు, మీరు బయటికి రాలేని మూలలోకీ వెళ్ళొద్దు. అనుమానంతో ఉన్నవాళ్ళ భుజం మీద ఓదార్పుగా చెయ్యి వేసినా దాడిలా తోచవచ్చు, అడగకుండా ముట్టుకోవద్దు. ఒకసారికి ఒకే ప్రశ్న. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. జబ్బువల్లో మందులవల్లో జవాబు ఆలస్యం కావచ్చు. రెండో సెకనుకే మనం ఇంకో ప్రశ్న వేస్తే మొదటిది గాలికి పోతుంది.

ప్రశ్న: ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవదా?

జవాబు: అవదు. ఇది పరిశోధనల్లో తేలిన విషయమే. ప్రమాదం అడగడంలో లేదు, అడిగే తీరులో ఉంది. "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటే ఎవరైనా "లేవు" అనే అంటారు, ఆ జవాబును మనమే నోటికి అందించాం మరి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అవునంటే, ఎలా చేద్దామనుకున్నారు, అందుకు కావాల్సినవి అందుబాటులో ఉన్నాయా, ఎప్పుడని అనుకున్నారు, ఇంతకుముందు ప్రయత్నించారా అన్నవి అడగాలి. "ఎవరికీ చెప్పనని మాటివ్వండి సిస్టర్" అంటే మాత్రం ఇవ్వకండి. "మీ ప్రాణానికి సంబంధించినదైతే డాక్టరుకు చెప్పాలి. ఎవరికి ఏం చెప్తానో ముందు మీకే చెప్తాను" అనండి.

ప్రశ్న: మెట్ల మీద నుంచి పడ్డానంటూ ఒకావిడ వచ్చింది. దెబ్బలు చూస్తే అలా లేవు. భర్త పక్కనుంచి కదలడు, ఏది అడిగినా ఆయనే జవాబు చెప్తాడు. ఎలా అడగాలి?

జవాబు: ఆయన ముందు అసలు అడగొద్దు. అత్త ముందూ తల్లి ముందూ వద్దు, మాటలొచ్చిన పిల్లల ముందూ వద్దు. వాళ్ళ భాష మీకు రాకపోతే బంధువుతో అనువాదం చేయించొద్దు. ఆమె నోరు విప్పిందని ఇంటికెళ్ళాక ఆయనకు తెలిస్తే, ఆ రాత్రి దెబ్బలకు కారణం మన ప్రశ్నే అవుతుంది.

విడిగా తీసుకెళ్ళడానికి రోజూ చేసే పనే సాకు. ఎక్స్‌రే, యూరిన్ శాంపిల్, గౌను మార్చడం, ఏదో ఒకటి. "ఇక్కడికి పేషెంటు ఒక్కరే రావాలండి" అని మామూలుగా చెప్పండి, గొంతులో అనుమానం కనబడొద్దు. ఆమె ఫోన్‌లో కాల్ నడుస్తూ ఉండొచ్చు, అందుకని బట్టలతో పాటు దాన్నీ బయట పెట్టించండి. ఎవరైనా హఠాత్తుగా లోపలికొస్తే సంభాషణ మళ్ళించడానికి ఒక మాట సిద్ధంగా ఉంచుకోండి: "ఏ మందైనా పడదా మీకు?"

ముందు ఏది రహస్యంగా ఉంచగలరో, మీ చోట ఏది పైవాళ్ళకు తెలపక తప్పదో చెప్పండి. అది విన్నాక ఎంత చెప్పాలో ఆమె నిర్ణయించుకుంటుంది. తర్వాత: "ఇలాంటి గాయాలతో వచ్చినవాళ్ళందరినీ మేం అడుగుతాం. ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని కొట్టడం, నెట్టడం, భయపెట్టడం చేస్తున్నారా?" 'గృహహింస' అన్న మాట వాడకండి. రోజూ చెంపదెబ్బలు తినేవాళ్ళు కూడా ఆ మాట తమకు వర్తిస్తుందనుకోరు. చేసిన పనిని పేరు పెట్టి అడిగితేనే జవాబొస్తుంది. హిట్స్ అనే చిన్న ప్రశ్నావళి కట్టింది కూడా ఇలాగే. కొట్టడం, అవమానించడం, బెదిరించడం, అరవడం ఎంత తరచుగా జరుగుతాయో నాలుగు ప్రశ్నల్లో అడుగుతారు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 10 దాటితే హింస ఉన్నట్టు లెక్క.

"లేదండీ, నిజంగానే పడ్డాను" అంటే పట్టుపట్టకండి. "సరే. ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే ఇక్కడ ఎవరినైనా అడగొచ్చు" అని ఊరుకోండి. ఒప్పించడం మన పని కాదు. ఈ రోజు నోరు విప్పకపోయినా, ఇంకో రోజు చెప్పగలిగేలా ఉంటే చాలు.

చెప్పిందనుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటప్పుడు ఐదు పనులు చెయ్యమంటుంది: వినడం, అవసరాలు అడిగి తెలుసుకోవడం, ఆమె మాటను నమ్ముతున్నామని తెలియజేయడం, భద్రత చూడడం, సాయం దొరికేచోటికి చేర్చడం. మొదటి మూడూ రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి. భద్రత దగ్గర తొందరపడొద్దు, ముఖ్యంగా ఈ ప్రశ్న వదలొద్దు: "ఎప్పుడైనా గొంతు నొక్కాడా?"

గొంతు నొక్కినా మెడ మీద పైకి ఏ గుర్తూ లేకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కళ్ళలో సన్నటి ఎర్ర చుక్కలు, ఆ సమయంలో మూత్రం పోవడం, మధ్యలో కొంతసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం చూడండి. మెడలోని రక్తనాళం లోపల చిరిగితే గంటల తర్వాతో రోజుల తర్వాతో పక్షవాతం రావచ్చు. అందుకే ఆమె బాగానే మాట్లాడుతున్నా డాక్టరుకు చెప్పకుండా పంపొద్దు. ఇంకో సంగతి. అంతకుముందు గొంతు నొక్కించుకున్న స్త్రీలు తర్వాత హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా ఉంటుందని అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2008లో చూపింది.

ప్రశ్న: భర్త కొడుతున్నాడని చెప్పిన ఒకావిడను "ఇన్నాళ్ళూ ఎందుకు భరించావమ్మా" అని అడిగాను. అంతే, మళ్ళీ మాట్లాడలేదు. జాలితోనే అడిగాను కదా!

జవాబు: మీకది జాలి. ఆమెకు ఇంట్లో రోజూ వినే సంజాయిషీ ప్రశ్న: ఎందుకు ఆలస్యమైంది, ఎందుకు నవ్వావు, ఎందుకు ఫోన్ ఎత్తలేదు. "వెళ్ళిపోదామనుకున్నప్పుడు ఏం అడ్డొస్తోంది?" అని అడిగితే పిల్లలు, డబ్బు, భయం ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. "వదిలేసి వచ్చెయ్యి" అని సలహా కూడా ఇవ్వకండి. విడిపోవాలనుకునే రోజులూ, విడిపోయిన కొత్తా అత్యంత ప్రమాదకరమైన కాలం. ఏర్పాట్లు లేకుండా ఆ అడుగు వేయిస్తే మనమే ఆమెను ప్రమాదంలోకి నెట్టినట్టు.

దెబ్బతిన్న మాట సరిదిద్దుకోవచ్చు. "నిన్న నేనడిగిన తీరు బాగాలేదు. తప్పు మీదన్నట్టు వినబడి ఉంటుంది, అది మీ తప్పు కాదు" అని మీరే ముందు మాట కలపండి.

ప్రశ్న: డిశ్చార్జి రోజు సైకియాట్రీ పేషెంటు ఒకరు ఏడుస్తూ నా ఫోన్ నంబరు అడిగారు.

జవాబు: ఇవ్వకండి, ఓపీ విభాగం ఫోన్ నంబరు ఇవ్వండి. నర్సుకూ పేషెంటుకూ మధ్య బంధం దశలుగా సాగుతుందని 1952లో అమెరికా నర్సింగ్ సిద్ధాంతకర్త హిల్డెగార్డ్ పెప్లా రాశారు, ముగింపు కూడా అందులో ఒక దశే. దాన్ని చివరి రోజుకు వదిలేస్తేనే ఈ ఏడుపు. "మీరు వార్డులో ఉన్నన్నాళ్ళూ రోజూ ఈ టైముకు పావుగంట మాట్లాడుకుందాం" అని మొదటి రోజే గడువు చెప్పాలి.

ప్రశ్న: ఇంట్లో కొడుతున్నారని చెప్పినామె కేస్ షీటులో ఏం రాయాలి?

జవాబు: ఆమె మాటలు ఆమె నోట వచ్చినట్టే, కొటేషన్లలో. 'ఆరోపిస్తోంది' అనొద్దు, 'చెప్పింది' అని రాయండి. గాయం ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు అన్నవి శరీరం బొమ్మ మీద గుర్తుపెట్టండి. రంగును బట్టి 'మూడు రోజుల నాటిది' అని రాయకండి, కమిలిన రంగు వయసు చెప్పదు. ఫొటోలు ఆమె ఒప్పుకుంటేనే, దూరం నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి. మీరు మాట్లాడిన టైము, గదిలో ఎవరున్నారన్నదీ రాయాలి.

ఇవేవీ మంచం దగ్గర వేలాడే చార్టులోకి రాకూడదు, ఇంటికి పట్టుకెళ్ళే డిశ్చార్జి కాగితంలోకి అసలే రాకూడదు. ఆ కాగితం బిల్లు కట్టేవాడి చేతికే వెళ్తుంది. సాయం కోసం ఇచ్చే నంబరు కూడా కరపత్రంగా చేతిలో పెట్టేముందు "ఇది మీ దగ్గర ఉంటే ఇబ్బందా?" అని అడగండి. ఇబ్బంది అంటే ఆసుపత్రి ఫోన్ నుంచే అప్పుడే చేయించండి.