గడ్డి తీసేసే ముందు ఒక్కసారి ఆగండి

రెండు ఫుట్‌బాల్ జట్లు, ఒక రగ్బీ జట్టు ఒకే గ్రౌండ్ వాడుతుంటే గోల్ ముందు గడ్డి నిలవట్లేదు, మొత్తం ఆర్టిఫిషియల్ టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) వేసేద్దామా అని అడిగారు కదా, అంత తొందర వద్దండి. మండే ఎండలో టర్ఫ్ 60 డిగ్రీలు దాటగలదు, జారి పడితే మోకాలి చర్మం లేచిపోతుంది.

హైబ్రిడ్ గురించి ఆలోచించండి. గడ్డి అసలుదే, మధ్యమధ్యలో ప్లాస్టిక్ పోగుల్ని దాదాపు 2 సెంటీమీటర్లకొకటి చొప్పున 18-20 సెంటీమీటర్ల లోతుకు కుడతారు, వేర్లు వాటిని చుట్టుకుని పట్టు బిగుస్తుంది, అందుకే రగ్బీ ఆటగాళ్లు గుంపుగా ఒకరినొకరు నెట్టుకునే స్క్రమ్‌లో బూట్లతో ఎంత తొక్కినా పెళ్లలు లేవడం బాగా తగ్గుతుంది. లండన్‌లోని టాటెన్‌హామ్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియంలో గడ్డి మైదానాన్నే మూడు ముక్కలుగా జరిపేసి కింది టర్ఫ్ మీద అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిస్తారు, అది అందరి వల్లా అయ్యేది కాదు.

ముందు మాత్రం ప్రాక్టీస్‌ని వేరే చోటికి మార్చండి. గోల్ ముందు చిన్న గుంట తీసి నీళ్లు పోసి చూడండి, గంటలు గడిచినా ఇంకకపోతే డ్రైనేజీ బాగుచేయకుండా ఏ గడ్డి వేసినా డబ్బు దండగే.