బరోక్ (సుమారు 1600–1750 నాటి యూరప్ సంగీతం), మోడర్న్ రెండూ వాయించడానికి ఒక్క వయొలిన్ చాలదా?

నేర్చుకునే దశలో చాలు. రెండు రకాల ఆర్కెస్ట్రాల్లోనూ పని తెచ్చుకోవాలంటే చాలదు. చిక్కంతా శ్రుతిలో ఉంది. ఆధునిక ఆర్కెస్ట్రాల్లో ‘ఎ’ స్వరం 440 నుంచి 443 హెర్ట్జ్. బరోక్ బృందాల్లో సాధారణంగా 415, అంటే సుమారు అర్ధస్వరం కింద. ఒకే వాద్యానికి మాటిమాటికీ ఉక్కు, సింథటిక్ తీగలు విప్పి బరోక్‌కి వాడే గొర్రె పేగు తీగలు ఎక్కిస్తే బిగువు మారి తీగల్ని మోసే బ్రిడ్జి వంగొచ్చు, లోపల నిలబెట్టిన చిన్న చెక్కపుల్ల (సౌండ్‌పోస్ట్) జరగొచ్చు. కొత్త తీగ శ్రుతి నిలబడటానికే రోజులు పడుతుంది. పైగా పేగుకు తేమ పడదు. సన్నని ‘ఇ’ తీగ కచేరీ మధ్యలోనే తెగొచ్చు, స్పేర్ తీగ దగ్గరుండాల్సిందే.

చేతిలో డబ్బు తక్కువుంటే వయొలిన్ కంటే ముందు బరోక్ కమాను కొనండి. దాని కొస తేలిక కాబట్టి కమానును కిందికి లాగినప్పుడు స్వరం దానంతటదే సన్నబడుతుంది. ఆ శైలిని నేర్పేది సగం ఆ కమానే.

బరోక్ పద్ధతిలో చిన్ రెస్ట్ (గడ్డం ఆనించే పలక) ఉండదు, అందుకే ఎడమచెయ్యి పై స్వరాల నుంచి కింది స్వరాలకి దిగడం కష్టం. ముందుగా బొటనవేలిని వెనక్కి జరిపి, తర్వాత చేతిని దించాలి. భుజంతో నొక్కిపట్టారంటే మెడనొప్పి ఖాయం.

బరోక్ చదువుకి స్విట్జర్లాండ్‌లో బాసెల్‌లోని స్కోలా కాంటోరమ్ (1933లో మొదలైంది), నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని రాయల్ కన్సర్వేటరీ పేరున్నవి. పనిలో ఎక్కువ భాగం ఫ్రీలాన్సే. జర్మన్ వయొలినిస్ట్ ఇసబెల్ ఫౌస్ట్ లాంటివాళ్లు రెండూ వాయిస్తారు. స్వరాన్ని వినగానే గుర్తుపట్టే చెవి ఉన్నవాళ్లకే 415 ఎక్కువ ఇబ్బంది: కాగితం మీద ఒకటి, చెవికి మరొకటి. ఒకే రోజు రెండు శ్రుతుల్లో రిహార్సల్స్ ఒప్పుకోకండి.