నాన్న ఇంకా ఆర్మీలోనే ఉన్నారు, నాకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వస్తుందా?

రాదు. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ఈ స్కాలర్‌షిప్ మాజీ సైనికుల, మాజీ కోస్ట్ గార్డు సిబ్బంది పిల్లలకూ, వారి వితంతువులకూ మాత్రమే.

డబ్బు జాతీయ రక్షణ నిధి నుంచి వస్తుంది. ఈ పిల్లలు ఉన్నత సాంకేతిక, వృత్తి విద్య చదివేలా ప్రోత్సహించడమే ఉద్దేశం. అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు, ఏడాదికోసారి ఖాతాలో పడతాయి.

ఉదాహరణకు, కావలిలో రిటైరైన హవల్దారు గారి అమ్మాయి ఇంటర్లో 72 శాతం తెచ్చుకుని బీటెక్ మొదటి ఏడాదిలో చేరిందనుకుందాం. నెల్లూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సర్టిఫికెట్ మీద సంతకం చేయించుకుని ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. ఎంపికైతే ఏడాదికి 36,000. నాలుగేళ్ళకు 1,44,000 అంటే చిన్న మొత్తం కాదు, అందుకే మొదటి ఏడాదిలోనే పెట్టేయండి, తర్వాత అవకాశం ఉండదు.

చాలామంది 60 శాతం దాటితే ఖాయం అనుకుంటారు. అది అర్హత మాత్రమే, స్కాలర్‌షిప్‌ల సంఖ్య పరిమితం, ఎంపిక ఉంటుంది. ఇంకో పొరపాటు, సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్ళ పిల్లలూ ఇక్కడే దరఖాస్తు చేయడం. వాళ్ళకు ఇదే పేరుతో హోం శాఖ పథకం వేరే ఉంది.