ఆయన మీటర్ దగ్గర టార్చ్ పట్టుకుంటాడు, నేను బియ్యం డబ్బాలో దాస్తాను

ప్రశ్న: మాది హనుమకొండ అండీ. మా ఆయన పొదుపు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. పేస్ట్ ట్యూబు కత్తెరతో కోసి గీకుతాడు, షాంపూ బాటిల్లో నీళ్ళు పోసి ఇంకో వారం లాగుతాడు, ఫోన్ చార్జర్ ప్లగ్ పీకందే పడుకోడు, బిల్లు తీసే రోజులొస్తే మీటర్ దగ్గర టార్చ్ వేసుకుని నిలబడతాడు. అదే క్రెడిట్ కార్డు 40 వేలు బాకీ ఉంటే మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన కాస్త మొత్తం) కట్టేసి, చూశావా డబ్బు చేతిలోనే ఉంది అంటాడు. నేను ఆయనకి తెలీకుండా బియ్యం డబ్బాలో 38 వేలు దాచాను. వీటిల్లో దేనివల్ల నిజంగా మిగులుతుంది?

జవాబు: ముందు మీటర్ సంగతి చెప్తానమ్మా, మీరు నవ్వుతున్న ఆ పనే మీ ఇంట్లో అన్నిటికంటే తెలివైన పని. తెలంగాణ రేట్లలో నెలకి 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80 చొప్పున 820 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలు అవీ వేరే. 201 అయ్యిందా, ఇక స్లాబ్ మారిపోయి మొదటి యూనిట్ నుంచీ 5.10 లెక్క వేస్తారు, ఆ ఒక్క యూనిట్‌కి 7.70, మొత్తం 1,027 దాటుతుంది. అంటే ఒకే ఒక్క యూనిట్ ఖరీదు 200 పైనే! గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉన్న ఇల్లయితే ఇంకా ఘోరం, జీరో బిల్లే పోతుంది. కాబట్టి ఆయన్ని నిలబడనివ్వండి, కావాలంటే కుర్చీ వేయండి.

చార్జర్ పీకడం మాత్రం ఒట్టి వ్యాయామమే. ఫోన్ లేకుండా ఊరికే ప్లగ్‌లో ఉన్న చార్జర్ నెలంతా తినేది అటూ ఇటూగా ఒక రూపాయి కరెంటు. అదే రాత్రి టీవీ కట్టేశాక సెట్‌టాప్ బాక్స్ స్విచ్ కూడా కట్టేయమనండి, స్టాండ్‌బైలో పది వాట్లు లాగే బాక్సులు ఉన్నాయి, ఇరవైనాలుగు గంటలూ అలా ఉంటే నెలకి ఏడు యూనిట్లు. ఇంకా పెద్దది గీజర్, 2 వేల వాట్లది రోజూ అరగంట వేస్తే నెలకి 30 యూనిట్లు, మీ 200 గీత దాటించేది అదే అయ్యుంటుంది. పేస్టు, షాంపూ అంటారా, కానివ్వండి, ఎవరికీ నష్టం లేదు (మా ఇంట్లో అరిగిపోయిన సబ్బుముక్క కొత్త సబ్బుకి అతికించి వాడతాం, నేనేం మాట్లాడను).

ఇప్పుడు అసలు విషయం, కార్డు. నెలకి 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులకి అటూ ఇటూగా అంతే ఉంటుంది, 40 వేలకి 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252, మొత్తం 1,652 రూపాయలు ఒక్క నెలకి. మన భాషలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ, ఊళ్ళో ఎవడైనా ఆ వడ్డీకి అప్పిస్తానంటే మీ ఆయనే నాలుగు తిట్టి పంపిస్తాడు. పైగా బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా గీకినదానికి కూడా గీకిన రోజు నుంచే వడ్డీ, ఆ నలభై ఐదు రోజుల ఫ్రీ అనేది ఉండదు. మినిమం డ్యూ కడితే లేట్ ఫీజు తప్పుతుంది, అంతే.

మరి మీ డబ్బా? 2016 నవంబర్ 8 రాత్రి నోట్లు రద్దన్నాక ఎన్ని బియ్యం డబ్బాలు, పోపుల డబ్బాలు బయటపడ్డాయో గుర్తుందిగా. ఒకసారి అడుగుదాకా చూడండి, 2 వేల నోట్లు ఉంటే ఇక బ్యాంకు బ్రాంచిలో తీసుకోరు, హైదరాబాద్ రిజర్వ్ బ్యాంక్ ఆఫీసుకి వెళ్ళాలి, లేదా పోస్టులో పంపాలి. ఒకే ఇంట్లో ఒక మూల వడ్డీ లేని 38 వేలు, ఇంకో మూల మూడున్నర రూపాయల వడ్డీ పోస్తున్న 40 వేలు, ఇద్దరూ పొదుపు చేస్తున్నామనే అనుకుంటున్నారు.

కాబట్టి ఇలా చేయండి. డబ్బా గుట్టు విప్పక తప్పదు, కానీ ఊరికే ఇవ్వొద్దు, అప్పుగా ఇవ్వండి. అత్యవసరానికి 3 వేలు ఉంచుకుని 35 వేలు కార్డుకి కట్టించండి, మిగతా 5 వేలు ఆయన వచ్చే జీతంలోంచి కట్టాలి, అది తీరేదాకా కార్డు మీ దగ్గరే. మీకు రూపాయి వడ్డీ, ఆయనకి అయినా లాభమే. ప్రతి నెలా జీతం పడ్డ మర్నాడే 4 వేలు మీ పేరున్న అకౌంట్‌కి వచ్చేలా ఆటోమేటిక్‌గా పెట్టించండి, దాంట్లోంచే పోస్టాఫీసులో ఆర్‌డీ మొదలుపెట్టండి. నోటు రాయించుకుని సంతకం తీసుకోండి. పెట్టనంటే స్టేట్‌మెంట్‌లో ఫైనాన్స్ చార్జెస్ అన్న లైను మీద అదే టార్చ్ వేసి చూపించండి.