నలభై ఒకటో ఫుట్‌నోటు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రొయ్యల ఒప్పందాల మీద జర్నలు కోసం నువ్వు రాసి పంపిన వ్యాసం ముప్పై రెండు పేజీలూ చదివాను. మొదటి ఇరవై పేజీలకీ రెండు కాఫీలు పట్టాయి. మూడోది అడిగితే "అంత నిద్రొస్తుంటే పడుకోవచ్చుగా" అంది మా ఆవిడ. ఆవిడ మాట వినేవాడినే. కానీ ఇరవై ఒకటో పేజీ అడుగున నలభై ఒకటో ఫుట్‌నోటు చూసి లేచి కూర్చున్నాను.

2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలు ప్రకటించిన వారంలో మీ నాన్నగారి రొయ్యల చెరువు గట్టు మీద జరిగిన సంగతి అది. ముందురోజు ఫోనులో మాటైన రేటు మీద కిలోకి నలభై రూపాయలు తగ్గిస్తేనే పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టడానికి, మనుషుల్ని పంపుతానని ఏజెంటు అనడం, మీ నాన్నగారు "ఆయ్" అని ఊరుకోవడం. నాలుగే లైన్లు, అవీ చీమల్లాంటి అక్షరాల్లో. చదివి గుండె చివుక్కుమంది, వెంటనే నీ మీద ఒళ్ళు మండింది. ఇంట్లో జరిగినదాన్ని పేజీ అడుగున దాచేసి, పైన "మానవ నాగరికత పుట్టినప్పటి నుంచీ ఒప్పందాలు ఉన్నాయి" అని మొదలుపెడతావా? ఈ వాక్యాన్ని నలభై ఏళ్ళుగా విద్యార్థుల కాగితాల్లో కొట్టేస్తూనే ఉన్నాను. కొట్టేసినకొద్దీ పుడుతోంది.

తీర్పుల వరస బాగా పేర్చావు, కాదనను. నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదనే, 1872 కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 56 కింద, ధర మారినంత మాత్రాన ఒప్పందం నుంచి తప్పుకోవడానికి వీల్లేదని 1960లో అలోపీ పర్షాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది సైన్యానికి నెయ్యి సరఫరా గొడవ. ఇండోనేషియాలో చట్టం మారి బొగ్గు రేటు పెరిగినప్పుడు 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులోనూ అదే మాట. అవన్నీ చెప్పి, సుంకాలొచ్చినా రొయ్యల ఒప్పందం చెల్లుతుందని తేల్చావు. సరే. మరి చెల్లే ఒప్పందం ఉన్న మీ నాన్నగారు కోర్టుకు ఎందుకు వెళ్ళలేదు? ముప్పై రెండు పేజీల్లో ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

జవాబు నీకు తెలుసు, చెరువు గట్టున పెరిగిన దానివి. పట్టుబడికి వచ్చిన చెరువు ఆగదు. రోజు గడిచేకొద్దీ మేత ఖర్చు, కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగుతాయన్న భయం, తెల్లారేసరికి రొయ్య నీటి పైకి తేలుతుందేమోనన్న టెన్షన్. పైగా వచ్చే పంటకూ ఆ ఏజెంటే దిక్కు. అందుకని "ఆయ్". అమ్మాయ్, నీ వ్యాసం సెక్షన్ 56లో లేదు. రావలసిన దాంట్లో కొంత వదులుకునే హక్కు మనిషికి సెక్షన్ 63 ఇస్తుంది. అలా వదులుకోవడం ఇష్టపూర్వకంగా జరిగిందా అన్నదే నీ వ్యాసం. సెక్షన్ 15 ప్రకారం బలవంతం అంటే శిక్షాస్మృతి నిషేధించిన పని చేస్తానని బెదిరించడం, లేదా అన్యాయంగా ఆస్తిని పట్టి ఉంచడం. ఏజెంటు ఈ రెండూ చెయ్యలేదు. రానన్నాడు, అంతే. మరి దాన్ని ఏమనాలి? ఎదుటివాడి మీద తనకున్న పైచేయిని అన్యాయంగా వాడుకోవడం అనే సెక్షన్ 16లోని అనుచిత ప్రభావం కిందికి లాగగలమా?

ఇక్కడికొచ్చాక చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల కేసు చదువు. పాఠ్యపుస్తకంలో రెండు లైన్లు కాదు, హైకోర్టు తీర్పులు అచ్చేసే మద్రాసు ఐఎల్‌ఆర్ నలభై ఒకటో సంపుటంలో ఉన్న తీర్పు మొత్తం. ఇంటిపేరు చూస్తేనే మన వైపు వాళ్ళేమో అనిపిస్తుంది. చచ్చిపోతానని భర్త బెదిరిస్తే భార్యా కొడుకూ తమవని చెప్పుకునే ఆస్తిని అతని అన్నదమ్ముడికి వదులుకుంటూ కాగితం రాసిచ్చారు. అది బలవంతమేనని 1917లో ఇద్దరు జడ్జీలు, కాదని ఒక జడ్జి. శిక్షాస్మృతిలో ఏది "నిషేధం" అన్న ఒక్క మాట మీదే ముగ్గురూ కుస్తీ పట్టారు. 2024 జులై నుంచి శిక్షాస్మృతి స్థానంలో కొత్త న్యాయ సంహిత వచ్చి, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షన్ పోయింది కాబట్టి, ఆ తీర్పు కింద నేల ఇప్పుడు ఎంత గట్టిదన్నది మరో వ్యాసానికి సరిపడే ముడిసరుకు. అటు మాత్రం ఇప్పుడు పోవద్దు.

ఆ "ఆయ్" గురించి కూడా ఒక పేజీ రాయి, నవ్వుతారని జంకకు. అంగీకారం షరతుల్లేకుండా, స్పష్టంగా ఉండాలంటుంది సెక్షన్ 7. మన గోదావరి జిల్లాల్లో "ఆయ్" అంటే ఒప్పుకున్నట్టా, విన్నట్టా, ఎదుటి మనిషికి మర్యాద ఇచ్చినట్టా? మా నాన్న షావుకారు ముందు రోజుకు యాభై "ఆయ్"లు అనేవాడు. అందులో ఒప్పుకున్నవి నాలుగైనా ఉండేవి కావు.

నా బాధ నీకు అర్థం కావాలంటే 1986 వరదల తర్వాతి సంగతి చెప్పాలి. పొలాలు మునిగాక మా ఊళ్ళో కౌలు రైతులూ ఆసాములూ అరుగు మీద కూర్చుని కౌలు కింద ఇచ్చే మక్తా బస్తాలు సగానికి తగ్గించుకున్నారు. కాగితం లేదు, ప్లీడరు లేడు. కాంట్రాక్టు చట్టం మొదటి సెక్షనే వ్యాపార ఆచారాలు చట్టానికి విరుద్ధం కానంతవరకు చెల్లుతాయంటుంది. కౌలులో ఆచారానికి అలాంటి చోటు ఉందా అని నేనొక వ్యాసం రాశాను. కాకినాడలో టైపు కొట్టించి, కార్బన్ కాపీ దగ్గరుంచుకుని ఒక జర్నలుకు పోస్టు చేశాను. పద్నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చింది, మీద ఒకే లైను: "కథలు వేయము." అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, అరుగు తీసేశాను. బస్తాలు తీసేశాను. లాటిన్ సూక్తులు మూడు తగిలించాను. అదే జర్నలు వేసింది! నా ఎరికలో దాన్ని చదివినవాడు ప్రూఫ్‌రీడర్ ఒక్కడే. తీసేసిన పేజీలు చెదలు తినేశాయి, ఆ అరుగు మీద కూర్చున్న వాళ్ళలో ఇప్పుడు ఒక్కరూ లేరు.

తర్వాత ఎడిటర్ల ఫ్యాషన్లు చాలా చూశాను. కొన్నాళ్ళు తీర్పులు తప్ప ఇంకేం వద్దన్నారు, తర్వాత అంతా ఆర్థికశాస్త్రం కలపమన్నారు. ఇప్పుడు "క్షేత్ర పరిశోధన" కావాలంటున్నారట. నీ అదృష్టం.

పది రోజుల్లో వేస్తాం, ఇంత డబ్బు కట్టండి అన్న జర్నలు గురించి అడిగావు. కట్టకు. నిజంగా చదివేవాడికి పది రోజులు చాలవు. నమ్మదగ్గ జర్నళ్ళంటూ యూజీసీ పెట్టిన కేర్ జాబితాలో ఉందని వాళ్ళు ఊరించడం కూడా పాత పాటే, ఆ జాబితాను 2025 ఫిబ్రవరిలో యూజీసీయే ఆపేసింది. పీహెచ్‌డీకి ముందు వ్యాసం అచ్చయి తీరాలన్న నిబంధనా 2022లో పోయింది, కాబట్టి ఆ హడావుడి వద్దు. మన దేశంలో ఒకసారి ఒక జర్నలుకే పంపు, అక్కడ తేలాకే రెండోదానికి. స్కోపస్ అనే అంతర్జాతీయ జర్నళ్ళ సూచికలో ఉన్నవాటి సంగతి మీ గైడును అడుగు.

ఒక చిక్కుంది. సమీక్షకులకు నీ పేరు తెలియకూడదు, వ్యాసంలోనేమో "మా నాన్నగారు" అన్నావు. అక్కడ "ఒక రైతు" అని మార్చి, ఆయన నీకేమవుతారో ఎడిటరుకు విడిగా రాసే ఉత్తరంలో చెప్పెయ్యి. దాచిపెడితే తర్వాత పరువు తక్కువ. ఏజెంటు పేరు, ఊరు గుర్తుపట్టేలా ఉండకూడదు. మీ నాన్నగారిని అడిగే రాశావా? అడగకపోతే ఇవాళే అడుగు. ఆయన ఒక్కరి మాటతో సరిపెట్టకుండా చుట్టుపక్కల చెరువుల వాళ్ళతోనూ మాట్లాడు, కుదిరితే ఆ ఏజెంటుతో కూడా. పైనుంచి రొయ్యలు కొనే ప్లాంటు వాళ్ళు అతనికి ఏం చెప్పారో, అతని "ఆయ్" ఎలాంటిదో.

ఇంతకీ ఆ రోజు పట్టుబడి జరిగిందా? తగ్గించిన రేటుకే ఇచ్చేశారా, ఇంకొకరు వచ్చారా? ఫుట్‌నోటులో ఆ ముక్క లేదు. మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. వ్యాసం తర్వాత దిద్దుదువుగాని, ముందు నాకు అది రాయి.

మీ మాస్టారు