ఎక్స్‌క్లిప్ అనే లినక్స్ కమాండ్‌తో కాపీ చేసిన ఫైల్, కంట్రోల్-వి కొడితే ఎందుకు రావట్లేదు?

కాపీ అవుతోందండీ, కాకపోతే మీరు వెతుకుతున్న చోటికి కాదు. లినక్స్‌లో తెరపై విండోలు చూపించే ఎక్స్11 అనే వ్యవస్థ వాడుతుంటే క్లిప్‌బోర్డ్ ఒక్కటే ఉండదు, మౌస్‌తో సెలెక్ట్ చేయగానే చేరేది ప్రైమరీ, కంట్రోల్-సి నొక్కితే చేరేది మనందరికీ తెలిసిన క్లిప్‌బోర్డ్, మరి ఎక్స్‌క్లిప్‌కి ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఫైల్లో ఉన్నదంతా తీసుకెళ్లి ప్రైమరీలో పెడుతుంది. నమ్మకం లేకపోతే మౌస్ మధ్య బటన్ నొక్కి చూడండి, ఊడిపడుతుంది! కమాండ్‌లో సెలెక్షన్ అనే ఆప్షన్‌కి క్లిప్‌బోర్డ్ అని ఇచ్చి, దాని పక్కన ఫైల్ పేరు రాస్తే సరి. రోజూ అంత టైప్ చేయడం నా వల్ల కాక రెండక్షరాల ఏలియాస్ (పొట్టి పేరు) పెట్టుకున్నా.

ఇంకో తిరకాసు ఉంది. ఎక్స్11లో కాపీ చేసిన డేటాని సిస్టమ్ తన దగ్గర దాచుకోదు, ఎక్స్‌క్లిప్పే బ్యాక్‌గ్రౌండ్‌లో ఉండి, పేస్ట్ అడిగిన ప్రతిసారీ అందిస్తుంది, మీరు ఇంకేదైనా కాపీ చేశాక గానీ తప్పుకోదు. అనవసరంగా నడుస్తోందని దాన్ని కిల్ చేస్తే, క్లిప్‌బోర్డ్ మేనేజర్ లాంటిది లేకపోతే, కాపీ కూడా గోవిందా.

ఎక్స్11 కాకుండా వేలాండ్ అనే కొత్త వ్యవస్థ అయితే ఎక్స్‌క్లిప్ బదులు డబ్ల్యూఎల్-కాపీ వాడండి. మ్యాక్‌లో పీబీకాపీ, విండోస్‌లో క్లిప్, ఈ రెండూ ముందే ఉంటాయి.